పడ్డ ఆటగాడి చుట్టూ వీపు తిప్పి నిలబడాలె

(నల్లగొండలో వ్యాయామ ఉపాధ్యాయులు, టోర్నమెంటు నిర్వాహకులు, స్థానిక విలేకరుల ముందు చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికి నమస్కారం. వెనక కూసున్నోళ్లకు ఇనబడుతుందా? సరే.

కబడ్డీ కోర్టు కాడి నుంచి మొదలుపెడదాం. ఒక పోరడు కూతకు పోయిండు. మల్లి వచ్చేటప్పుడు, ఎవ్వరూ పట్టకముందే, మోకాళ్ల మీద కూలి బోర్ల పడ్డడు. మొదటి మూడు సెకండ్లు ఎవ్వరం కదలం. కాలు మెలికపడ్డదేమో అనుకుంటం. తర్వాత ఏమైతదో ఇక్కడున్న ప్రతి పీఈటీ సారుకు ఎరుకే. తాడు తెంపుకొని జనం లోపలికొస్తరు. ఒకరు మొఖం మీద నీళ్లు కొడ్తరు, ఇంకొకరు నోట్లె పోస్తరు. "ఫిట్స్ రా" అని ఎవరో బండి తాళంచెవులు చేతిల పెడ్తరు. ఉల్లిగడ్డ ఎక్కడి నుంచి వస్తదో గని వస్తది. వెనక వరుసంతా ఫోన్లు పైకెత్తుతది. ఆఖరికి నలుగురు కాళ్లు చేతులు పట్టి ఆటోల ఏస్తరు. నాలుగు నిమిషాలు పోయినయ్. ఆ నాలుగు నిమిషాలల్ల ఆ పిల్లగాని ఛాతీ మీద ఒక్క చెయ్యి పడలేదు.

'ఆటగాడు కుప్పకూలితే ప్రజల స్పందన' అనంగనే మనకు తెల్లారి పేపరు, ఫేస్‌బుక్కు, కొవ్వొత్తులు గుర్తుకొస్తయ్. నేనైతే ఆ మాటను ముందుకు జరపాలంట. గుండె ఆగినోనికి చుట్టూ ఉన్నోళ్లు మొదటి నిమిషంల ఏం చేసిన్రన్నదే అసలు స్పందన. దేవరకొండ అవతల తండాల, రాత్రి లైట్ల కింద వాలీబాల్ ఆడుతుంటే, 108 పావుగంటల వచ్చిందంటే మంచిగ వచ్చినట్టే. గుండె ఆగినంక ఛాతీ ఒత్తకుండ, కరెంటు షాక్ ఇయ్యకుండ పోయే ప్రతి నిమిషానికి బతికే అవకాశం 7 నుంచి 10 శాతం తగ్గుకుంట పోతది. పావుగంటకు ఏం మిగులుతదో లెక్క మీరే కట్టుకోండ్రి.

2021 జూన్ 12. కోపెన్‌హేగన్‌ల యూరో కప్పు ఫుట్‌బాల్, డెన్మార్క్–ఫిన్లాండ్ మ్యాచ్. మొదటి సగం అయిపోవస్తుంటే క్రిస్టియన్ ఎరిక్సన్ పడిపోయిండు. దగ్గర ఎవ్వరూ లేరు, ఎవ్వరూ తాకలేదు. కెప్టెన్ సైమన్ కేర్ ఉరికొచ్చి పక్కకు తిప్పి చూసిండు. టీం డాక్టరు వచ్చేసరికి నాడి ఉంది, శ్వాస ఉంది. చూస్తుంటేనే రెండూ పోయినయ్. వెంటనే ఛాతీ ఒత్తుడు షురూ చేసిన్రు, ఒక్క షాక్‌తోని గుండె తిరిగొచ్చింది. ఇంకో సంగతి గూడ చూడాలె. డెన్మార్క్ ఆటగాళ్లు ఆయన చుట్టూ గుండ్రంగ నిలబడ్డరు, మొఖాలు బయటికి, వీపులు లోపలికి. కొందరు ఏడుస్తున్నరు, గని లోపలికి తిరిగి చూస్తలేరు. స్ట్రెచర్ బయటికి పోయేటప్పుడు ఫిన్లాండ్ అభిమానుల జెండాలను గూడ అడ్డం పెట్టిన్రు. తర్వాత స్టేడియంల ఒక దిక్కు ఫిన్లాండోళ్లు "క్రిస్టియన్" అంటే, ఇంకో దిక్కు డెన్మార్కోళ్లు "ఎరిక్సన్" అన్నరు.

అదే టైంకు టీవీ కెమెరా ఏం చేసింది? ఛాతీ ఒత్తుతున్న దృశ్యం, మైదానంల ఏడుస్తున్న ఆయన జీవిత సహచరి మొఖం, రెండూ లోకమంతా చూపెట్టింది. ఆ బొమ్మలు ప్రసారం చేసినందుకు బీబీసీ ప్రేక్షకులకు క్షమాపణ చెప్పింది. గుండ్రంగ నిలబడ్డ ఆటగాళ్లకు ఉన్న ఇంగితం కోట్ల రూపాయల కెమెరాలకు లేకపాయె. మన దగ్గర ఆ కెమెరా ప్రతి జేబుల ఉంది.

అందుకే మీరు రాసుకోవాల్సిన మొదటి పని ఇది. మనిషి పడంగనే పదిమంది వలంటీర్లు చేతులు పట్టుకొని, అయిదారు అడుగుల దూరంల, వీపు లోపలికి పెట్టి గుండ్రంగ నిలబడాలె. లోపల ముగ్గురో నలుగురో ఉంటే చాలు. ఆ వలయంతోని గాలి ఆడుతది, పని చేసేటోనికి మోచేతులు కదిలే జాగ దొరుకుతది, ఫోన్లకు బొమ్మ దొరకదు. పైస ఖర్చు లేదు. జట్టుల ఆడని పిల్లలుంటరు గదా, సబ్‌స్టిట్యూట్లు, వాళ్లకే ముందుగాల చెప్పిపెట్టండ్రి.

ఇగ లోపల ఏం చేయాలె? భుజాలు రెండు తట్టి గట్టిగ పిలువాలె. పది సెకండ్లు ఛాతీని, పొట్టను చూడాలె. ఉలుకు పలుకు లేకుండ శ్వాస గూడ మామూలుగ లేకపోతే గుండె ఆగిందనే లెక్క. నాడి ఎతుకొద్దు. మన ఏలిల నాడే మనకు తగులుతది, వానికి నాడి ఉందని మోసపోతం.

ఇక్కడ రెండు తప్పులైతయ్, ఆ రెండూ ప్రాణం తీసేటియ్యే. ఒకటి, ఎగశ్వాస. గుండె ఆగినంక గూడ కొద్దిసేపు మనిషి నోరు తెరిచి, చేప ఒడ్డున పడ్డట్టు, ఆగాగి గుర్రుమని గాలి పీలుస్తడు. "శ్వాస ఆడుతుంది, ఏం గాలేదు" అని జనం ఊపిరి పీల్చుకుంటరు. అది శ్వాస కాదు, మెదడు అడుగుభాగం ఆఖరుగ కొట్టుకునుడు. రెండోది, గుండె ఆగిన మొదటి సెకండ్లల్ల కాళ్లు చేతులు కొట్టుకోవచ్చు. మెదడుకు రక్తం అందక వచ్చే వణుకు అది. ఫిట్స్ అనుకొని తాళంచెవులు పెట్టేది ఇక్కడనే. ఒక్క మాట గుర్తుపెట్టుకోండ్రి. ఆడుతున్న ఆటగాడు దెబ్బ తగలకుండ అమాంతం కూలిండంటే, వేరే అని తేలేదాకా అది గుండెనే. తాళాలు ఫిట్స్‌కు గూడ పనిచేయయి, అది వేరే ముచ్చట.

ఛాతీ ఒత్తుడు చూస్తే అల్కగనే కొడుతది, నిమిషంనరకే చెమటలు పడ్తయ్. రొమ్ము ఎముక కింది సగం మీద, నడిమిట్ల, ఒక అరచెయ్యి మడమ పెట్టి దాని మీద రెండో చెయ్యి. మోకాళ్లు మనిషి పక్కటెముకలకు ఆనేంత దగ్గరికి రావాలె. మోచేతులు వంచొద్దు, బరువు నడుం నుంచి రావాలె. 5 సెంటీమీటర్లకు తగ్గొద్దు, 6 దాటొద్దు. నిమిషానికి 100 నుంచి 120 సార్లు. ఒత్తినంక ఛాతీని పూర్తిగ పైకి లేవనియ్యాలె, ఎందుకంటే అది లేచినప్పుడే గుండెలకు రక్తం నిండుతది. అలిసిపోయినోడు తెలియకుండనే మీద వాలి ఉంటడు, గుండె నిండదు, ఒత్తి గూడ లాభముండది. అందుకే రెండు నిమిషాలకొకసారి మనిషి మారాలె, ఐదు సెకండ్లు దాటకుండ మారాలె. నోట్లె ఊదుడు నేర్చుకున్నోళ్లయితే 30 ఒత్తుళ్లకు 2 ఊదుళ్లు. రానోళ్లు ఆపకుండ ఒత్తుతనే ఉండాలె. నీళ్లల్ల మునిగినోళ్లకు, చిన్నపిల్లలకు మాత్రం ఊదుడు ముఖ్యం. కబడ్డీ మ్యాట్ గట్టిదే, అక్కడికక్కడనే మొదలుపెట్టాలె. నీడకు మోసుకపోవుడు వద్దు.

"పక్కటెముక ఇరిగితే ఎట్ల సార్?" ఈ ప్రశ్న ప్రతిసారి వస్తది. ఇరగొచ్చు. ఇరిగిన ఎముక వారాలల్ల అతుకుతది. టప్పుమని సప్పుడు వస్తే చేతుల జాగ సరి చూసుకొని కొనసాగించాలె. ఇంకొకటి అడుగుతరు, పోలీసు కేసైతదా అని. రోడ్డు ప్రమాదాలల్ల సాయం చేసినోళ్లకు మోటారు వాహనాల చట్టం 134ఎ సెక్షన్ రక్షణ ఇస్తది. మైదానంల పడ్డోని సంగతికొస్తే, మన కొత్త శిక్షాస్మృతి, భారతీయ న్యాయ సంహిత 30వ సెక్షన్ చూడండ్రి. అనుమతి చెప్పే స్థితిల లేని మనిషికి మేలు కోరి సద్బుద్ధితోని చేసిన పని నేరం కాదని అది చెప్తది. ఇది పాత ఐపీసీల 92వ సెక్షన్. బ్రిటిషోళ్ల కాలం నుంచే ఉంది గని మనకు ఎవ్వరూ చెప్పలేదు.

108కు ఫోన్ చేసేటోడు వేరే ఉండాలె, స్పీకర్ పెట్టాలె. "నల్లగొండల గ్రౌండు" అంటే చాలదు. ఎన్‌జీ కాలేజీ గ్రౌండా, మేకల అభినవ్ స్టేడియమా, ఏ గేటు? పల్లె అయితే ఊరు, మండలం, రోడ్డు మీద గుర్తు. బొడ్రాయి కాడ అని చెప్తే డ్రైవరుకు తెలియకపోవచ్చు, స్కూలో పెట్రోలు బంకో చెప్పాలె. ఒకరు రోడ్డెక్కి నిలబడాలె. గేటుకు తాళముందా, గేటు ముందట బండ్లు పెట్టిన్రా అని మ్యాచ్ ముందే చూసుకోవాలె. ఆంబులెన్సు వచ్చి బైకుల గుంపు ఎనుక ఆగిపోతే ఇగ ఏం లాభం?

ఇగ షాక్ డబ్బా, అంటే ఆగిన గుండెకు కరెంటు షాక్ ఇచ్చే మిషన్, ఏఈడీ అంటరు. లక్ష రూపాయల చుట్టు ఉంటది. ఎక్కువనే, కాదనను. మూడు నాలుగు మండలాల టోర్నమెంట్లు కలిసి ఒకటి కొనుక్కొని తిప్పుకోవచ్చు. డీజేకు, ఫ్లెక్సీలకు మనం పెట్టేది లెక్కేస్తే ఎక్కువ అనిపియ్యది. తెరవంగనే అదే మాట్లాడుతది. గని చాలా డబ్బాలు ఇంగ్లీషులనే మాట్లాడుతయ్, కాబట్టి కొన్న రోజే పదిమంది కూసొని ఒకసారి ఇనాలె. ఒక ప్యాడ్ కుడి గల్ల ఎముక కింద, ఇంకొకటి ఎడమ చంక కింద పక్కటెముకల మీద. మన ఆటగాళ్ల ఒంటికి చెమట, దుమ్ము, ఒక్కోసారి నూనె. తువ్వాలతోని గట్టిగ తుడువకుంటే ప్యాడ్ అంటదు, డబ్బా 'ప్యాడ్ చూసుకోండి' అని అరుసుకుంట కూసుంటది. ఛాతీ మీద వెంట్రుకలు దట్టంగ ఉంటే గీకెయ్యాలె, రేజర్ అండ్లనే పెట్టుకోవాలె. తాయత్తు, గొలుసు తెంపే పని లేదు, ప్యాడ్ కిందికి రాకుండ పక్కకు జరిపితే సరిపోతది. గుండె మంచిగ కొట్టుకునేటోనికి పొరపాటున పెట్టినా అది షాక్ ఇయ్యది, భయపడొద్దు. షాక్ కొట్టినంక "లేస్తడా" అని చూసుకుంట నిలబడొద్దు, ఆ క్షణమే మళ్ల ఒత్తుడు.

ఇంకొకటి మన జిల్లాకు ప్రత్యేకం. ఈ డబ్బాలు చాలామటుకు 50 డిగ్రీల దాకానే ఓర్చుకుంటయ్. మే నెలల నల్లగొండ ఎండకు అద్దాలు మూసిన కారు డిక్కీల పెడితే అది దాటుతది. ప్యాడ్ల మీది జెల్లు ఎండిపోతది, బ్యాటరీ పాడైతది. ప్యాడ్ల కవరు మీద గడువు తేదీ ఉంటది, నెలకొకసారి పచ్చ లైటు, తేదీ రెండూ చూసేటందుకు ఒక మనిషిని పెట్టాలె.

కార్క్ బాల్‌తోని ఆడే క్రికెట్ నిర్వాహకులు ఈ ముక్క వినండ్రి. గుండె మంచిగున్న పిల్లగానికి గూడ, గుండె రెండు కొట్టుకునుళ్ల మధ్య సెకండుల యాభయ్యో వంతు కిటికీ ఒకటుంటది. సరిగ్గ అప్పుడు ఛాతీకి దెబ్బ తగిలితే గుండె గడియారం తప్పి ఆగిపోతది. దీన్ని కొమోషియో కార్డిస్ అంటరు. 2023 జనవరి 2న అమెరికాల సిన్సినాటిల అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాడు డమార్ హామ్లిన్‌కు అయ్యింది ఇదే. ఒకరిని పట్టి పడగొట్టిండు, లేచి నిలబడ్డడు, వెనక్కి పడ్డడు. ఛాతీకి తగిలినోడు లేచి రెండడుగులేసి పడిపోవుడు దీని గుర్తు. లేచి నిలబడ్డడు గదా అని మనం చూపు తిప్పుకోవద్దు.

ఎండదెబ్బ, మెడదెబ్బ రెండు మాటలల్ల చెప్తా. మే నెల టోర్నమెంటుల ఒళ్లు కాలుతూ సోయి తప్పి ఏదేదో మాట్లాడుతుంటే, ఆంబులెన్సు కన్నా ముందు చల్లార్చాలె. తొట్టి నీళ్లు, మంచుగడ్డలు, మెడ చంకలు గజ్జల కాడ, పైన గాలి. మెడదెబ్బ అయితే తల రెండు దిక్కుల పట్టి కదలనియ్యొద్దు. గని శ్వాస లేకపోతే మెడ సంగతి తర్వాత, గుండె ముందు.

మనోళ్లకు ఇంకో అలవాటుంది. "ఇక్కడెందుకు, హైదరాబాదే పోదాం." నల్లగొండ నుంచైనా పాలమూరు నుంచైనా వంద కిలోమీటర్లు. 2025 మార్చి 24న బంగ్లాదేశ్ క్రికెటర్ తమీమ్ ఇక్బాల్‌కు ఢాకా పక్కన సావర్‌ల టాస్ అయినంక ఛాతీ నొప్పి వచ్చింది. పెద్దూరికి తీసుకపోదామని హెలికాప్టర్ పిలిచిన్రు, ఎక్కకముందే పరిస్థితి ఇషమించింది. ఛాతీ ఒత్తుకుంట పక్కనే ఉన్న ఆస్పత్రికి మళ్ల తెచ్చిన్రు, అక్కడనే స్టెంట్ వేసిన్రు, బతికిండు. ఆయనది రక్తనాళం మూసుకున్న గుండెపోటు, దాని ఎంబడి గుండె ఆగింది. హామ్లిన్‌కు రక్తనాళాలతోని సంబంధం లేదు, గుండెను కొట్టించే కరెంటు తప్పింది. మన పేపర్లు రెంటికీ 'గుండెపోటు' అనే రాస్తయ్. విలేకరి మిత్రులు ఈ తేడా పట్టుకుంటే సగం పుకార్లు మొదట్లనే చస్తయ్.

పుకార్ల కాడికే వస్తున్న. హామ్లిన్ ఇంకా మైదానంల ఉండంగనే, కొవిడ్ టీకా వల్లనే అని ఎంతోమంది తేల్చేసిన్రు. కారణం ఆయన నోటితోని లోకానికి తెలిసింది ఏప్రిల్‌ల, మూడున్నర నెలలకు. మధ్యల ఆయన టోపీ, కళ్లద్దాలు పెట్టుకొని స్టేడియంకు వస్తే, "ఆయన కాదు, డూపు" అన్నరు! ఎరిక్సన్‌కు గూడ టీకా అంటగట్టిన్రు. ఆయన టీకా తీసుకోలేదని ఆయన క్లబ్ డైరెక్టర్ చెప్పాల్సొచ్చింది. మన దగ్గర టీకా ఒక్కటే కాదు, దిష్టి, బిర్యానీ, జిమ్ము పౌడరు, ఎదుటి జట్టోళ్లు ఏదో చేయించిన్రు... ఏది చెప్పినా నమ్మేటోడు ఉంటడు. పడిపోయిన వీడియో మీద కారణం రాయడానికి ఎవ్వరికీ హక్కు లేదు. కారణం ఈసీజీ, ఎకో, రక్తపరీక్షలు, కొన్నిసార్లు జన్యుపరీక్షలు అయినంక గని డాక్టరుకే తెలియదు.

అదే హామ్లిన్ మీద జనం ప్రేమ గూడ చూపించిన్రు. పిల్లలకు బొమ్మలు కొనేందుకు ఆయన పెట్టుకున్న విరాళాల లక్ష్యం 2,500 డాలర్లు. కొద్ది రోజులల్ల 80 లక్షల డాలర్లు దాటింది. గొప్ప సంగతే. గని ఆయన బతికింది, నిమిషం లోపు ఛాతీ మీద చేతులు పెట్టిన సహాయ ట్రైనర్ వల్ల. జరగకముందే ఎవరు ఏం చేయాలో ఆ మ్యాచ్ ముందు కూసొని పంచుకున్న కాగితం వల్ల. మన గ్రూపులల్ల దండాల బొమ్మలు పెట్టుడు తప్పని అనను. మ్యాచ్ ముందు పంచుకునే ఆ కాగితం మాత్రం మన దగ్గర లేదు.

2012 మార్చి 17న లండన్‌ల ఫుట్‌బాల్ ఆటగాడు ఫాబ్రిస్ మువాంబా గుండె 78 నిమిషాలు ఆగింది, ప్రేక్షకులల్ల కూసున్న ఒక గుండె డాక్టరు దిగొచ్చిండు, మువాంబా బతికిండు. మువాంబా కింద పడి ఉండంగనే ఆయన జాతిని తిట్టుకుంట పోస్టులు పెట్టిన ఒక విద్యార్థికి 56 రోజుల జైలు పడ్డది. అంతదాకా ఎందుకు, 2022 జులైల తమిళనాడు కడలూరు జిల్లాల ఒక పల్లె కబడ్డీ పిల్లగాడు కూతలనే చచ్చిపోయిండు. ఆ వీడియో మన తెలుగు గ్రూపులల్ల గూడ తిరిగింది. ఆ తల్లి కోణం నుంచి ఒక్కసారి చూడండ్రి. కొడుకు ఆఖరి శ్వాస ఎవరిదో స్టేటస్. ఇంట్ల చెప్పకముందే 'ఆత్మకు శాంతి' పెట్టేటోళ్లు మన ఊర్లల్ల ఉన్నరు. ఆస్పత్రి డాక్టరును ఫోన్‌ల పట్టుకొని "చెప్పండి సార్, ఉన్నడా?" అంటే ఆయన చెప్పొద్దు, వైద్య నియమావళే ఒప్పుకోదు. ఒక్కరే మాట్లాడాలె, అది గూడ ఇంటోళ్లకు చెప్పినంకనే.

ఎదుటోడిని గూడ చూసుకోవాలె. 2014 నవంబర్ 25న సిడ్నీల క్రికెట్ మ్యాచ్‌ల షాన్ అబాట్ ఏసిన బంతి ఫిలిప్ హ్యూస్ మెడకు తగిలింది, రెండు రోజులకు హ్యూస్ పోయిండు. ఆస్ట్రేలియా మొత్తం గడప ముందట బ్యాట్లు నిలబెట్టి నివాళి ఇచ్చింది. దానికన్నా నాకు పెద్దగ కనిపించేది, అబాట్‌ను ఎవ్వరూ దోషిని చేయకపోవుడు. కబడ్డీల డ్యాష్ కొట్టిన పోరడు మన దగ్గర ఆ రాత్రి ఊరొదిలి పోవాల్సొస్తది. తగిలిందనే మాట వినంగనే వానిని ఒక పెద్దమనిషి పక్కకు తీస్కపోయి కూసోబెట్టాలె, ఫోన్ తీసుకోవాలె, ఇంటికి తోలాలె.

మైకు పట్టుకున్నోనికి ఒక మాట. కామెంటరీ చెప్పేటోడు ఉత్సాహంల "పరిస్థితి విషమంగా ఉన్నది, అందరు ప్రార్థన చేయండి" అని మొదలుపెడ్తడు. జనం మరింత ముందుకొస్తది. మైకుల ఇయ్యాల్సింది ఇంతే, రాసుకోండ్రి: "ఆట ఆపినం. అందరు ఉన్నకాడనే కూసోండ్రి. డాక్టరు, నర్సు ఎవరన్న ఉంటే టేబుల్ కాడికి రండ్రి. ఆంబులెన్సుకు గేటు ఇడిచిపెట్టుండ్రి. ఫోన్లు కిందికి దించుండ్రి." పాటలు బంద్. లైట్లు మాత్రం ఆర్పొద్దు, ఒత్తేటోనికి కనబడాలె.

ఆ రోజు మ్యాచ్ మళ్ల ఆడాలన్న తొందర వద్దు. కోపెన్‌హేగన్‌ల అదే రాత్రి మళ్ల ఆడించిన్రు, తర్వాత చాలామంది తప్పు పట్టిన్రు. షీల్డు ఎక్కడికీ పోదు.

ఇగ ఆ కాగితం. స్కోరు టేబుల్ మీద అతికించేది, అయిదు పేర్లు చాలు. ఒత్తేటోళ్లు ఇద్దరు, ఫోన్ చేసేటోడు ఒకరు, డబ్బా తెచ్చేటోడు ఒకరు, వలయం నిలబెట్టేటోడు ఒకరు. పేరు పక్కన ఫోన్ నంబరు, కింద గ్రౌండు గుర్తు, దగ్గరి ఆస్పత్రి. మీ ముందట తెల్ల కాగితాలున్నయ్, మీ మీ టోర్నమెంటుకు ఇప్పుడే రాయుండ్రి. రాసినోళ్లు లేచి ఇటు ఛాతీ ఒత్తుడు నేర్చుకునే మనిషి బొమ్మల కాడికి రండ్రి. నాలుగున్నయ్, ఒక్కొక్కరు రెండు నిమిషాలు, గట్టిగ లెక్కపెట్టుకుంట ఒత్తాలె. సార్, చొక్కా చేతులు మడుచుకోండ్రి, మీరే ముందు.